రాయి గుట్టది, రోజులు దొరవి: తిరుమలగిరి పల్లెల్లో రాతి ఇంటిని చదవడం ఎలా?

సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వలో తిరుమలగిరి చుట్టుపక్కల ఎటు చూసినా గుట్టలు, బండలే. ఇల్లు కట్టుకోవడానికి కావాల్సిన రాయి కొనకుండా దొరికే ప్రాంతాల్లో ఇదొకటి. అయినా ఇక్కడి పల్లెల్లో పాత రాతి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే అవి ఊరి నడుమ, పెద్ద కులాల వీధుల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. మాల, మాదిగ వాడల్లో రెండు మూడు తరాల కిందటి దాకా ఉన్నవి మట్టిగోడలు, వాటి మీద తాటి కమ్మల కప్పు. రాతి పునాది ఉంటే అదే పెద్ద మాట.

గుట్ట మీద రాయి అందరికీ ఒకటే అయినప్పుడు ఇల్లు ఎందుకు ఒకటి కాలేదు? పేదరికం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ రాతి గోడను ఎట్లా కడతారో తెలుసుకుంటే ఆ పేదరికం ఎట్లా తయారైందో కూడా కనిపిస్తుంది. నా పరిశోధన పల్లె ఇళ్ల మీద కాబట్టి, ఈ వ్యాసంలో గోడ దగ్గర మొదలుపెట్టి కులం దాకా వెళ్తాను.

గుట్ట నిండా రాయి

తిరుమలగిరి ప్రాంతంలో దొరికేది గ్రానైటు జాతి గట్టి రాయి. ఇదే జిల్లాలో దక్షిణానికి, హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు పోతే నేల మారుతుంది. అక్కడ సున్నపురాయి. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అటే ఉన్నాయి. సున్నపురాయి పలకలుగా లేస్తుంది, చెక్కడానికి మెత్తన. గ్రానైటు అట్లా కాదు. దాన్ని పగలగొట్టడమే ఒక విద్య. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పైపొర లేస్తుంది. దాన్ని గడ్డపారతో ఎత్తుతారు. లేదంటే వరసగా గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగగొట్టి, సమ్మెటతో కొట్టి చీలుస్తారు. ఈ పని తరతరాలుగా వడ్డెర కులస్తులది.

రాతి పనిలో ఈ ప్రాంతానికి రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఇప్పటి నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట మీద సాధారణ శకం తొలి శతాబ్దాల నాటి బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి. 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో అక్కడ చెక్కడపు తోరణాలు బయటపడ్డాయి. గుట్టేమో గ్రానైటు, శిల్పాలేమో సున్నపురాయి. అంటే ఆ రాయిని ఎవరో వేరే చోటి నుంచి మోసుకొచ్చారు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్నాయి. కట్టించినవాళ్ల పేర్లు శాసనాల్లో దొరుకుతాయి. మోసినవాళ్ల పేర్లు మాత్రం దొరకవు.

చిన్న రాతి ఇల్లు ఎట్లా నిలబడుతుంది?

పల్లెలో చిన్న రాతి ఇల్లంటే ఒకటి రెండు అర్రలు, ముందు వసారా, దాని ముందు అరుగు, ఆపైన వాకిలి. గది గాలికి కిటికీ ఉంటే ఒకటి, లేకపోతే లేదు. దర్వాజ పొట్టిగా ఉంటుంది, తల వంచే లోపలికి పోవాలి.

పునాది గట్టి నేల తగిలేదాకా తవ్వి, పెద్ద రాళ్లతో నింపుతారు. నేల మట్టం దాటాక అడుగో, రెండడుగులో పైకి లేపుతారు. ఈ పీఠం ఎంత ఎత్తు ఉంటే గోడ అంత పొడిగా ఉంటుంది. ఇల్లు ఎన్నేళ్లు బతుకుతుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

బయటికి ఒకే గోడలా కనిపించినా నిజానికి అవి రెండు గోడలు. బయటి వైపు ఒక వరస, లోపలి వైపు ఒక వరస పెద్ద రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లు, మట్టి కూరుతారు. అందుకే మందం అడుగున్నర నుంచి రెండడుగులు వస్తుంది. ఈ రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడ ఇటు నుంచి అటు దాకా తగిలే పొడుగు రాయి వేస్తారు. పాత గోడ కడుపు ఉబ్బినట్టు బయటికి వంగిందంటే ఆ పొడుగు రాళ్లు సరిపడా వేయలేదని అర్థం. మూలల్లో ఒక వరస రాయి ఇటు, మరో వరస రాయి అటు వచ్చేలా అల్లుతారు. మూల రాళ్లు పెద్దవి, చదునుగా కొట్టినవి ఉంటాయి. మేస్త్రీ పనితనం చూడాలంటే మూల చూస్తే చాలు.

రాళ్లను పట్టి ఉంచేది మట్టి. ఎర్రమట్టిలో నీళ్లు, వరిగడ్డి ముక్కలు కలిపి, ఒకటి రెండు రోజులు నానబెట్టి కాళ్లతో తొక్కుతారు. దీన్నే అడుసు తొక్కడం అంటాం. గడీలకు, గుళ్లకు, కలిగినోళ్ల ఇళ్లకు మట్టి బదులు డంగు సున్నం వాడారు. ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద సున్నం, ఇసుక నలిపి తయారుచేసేది అది. సున్నంతో కట్టిన గోడకు వాన భయం లేదు. మట్టితో కట్టిన రాతిగోడకు ఉంది. లోపల మట్టి కరిగిపోతే రాయి ఎంత గట్టిదైనా గోడ నిలవదు. అందుకే మట్టి కట్టు ఇళ్లకు చూరు బాగా ముందుకు, కిందికి వంగి ఉంటుంది.

కప్పుకు నల్లగొండ నేలలో పుష్కలంగా ఉన్న తాటిచెట్టే ఆధారం. ముదురు తాటి మొద్దును చీల్చి దూలాలు, వాసాలు చేస్తారు. పైన తాటి కమ్మలో, గడ్డో, స్తోమత ఉంటే కుమ్మరి చేసిన గూన పెంకో. కమ్మల కప్పు మూడు నాలుగేళ్లకోసారి మార్చుకోవాలి. పెంకు ఏటేటా సర్దుకుంటే తరాలు నిలుస్తుంది.

రాతి ఇల్లు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. అది సగమే నిజం. గ్రానైటు వేడిని మట్టికంటే తొందరగా పీల్చుకుని, తొందరగా దాటిస్తుంది. గోడ మందంగా ఉండబట్టి మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ఈ ప్రాంతంలో పగలు చల్లగా అనిపించిన ఆ గోడే రాత్రి వేడిని విడుస్తుంది. జనం వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునేది అందుకే. వేడి వరకు చూస్తే మందపాటి మట్టిగోడ ఏమీ తక్కువ కాదు. వాన, చెదలు, ఎలుకలు, కాలం, ఈ నాలుగింటి ముందు రాయి గెలుస్తుంది. అంటే రాతి ఇల్లున్న కుటుంబం ఏటేటా ఇంటి మరమ్మతుకు పెట్టే రోజులు మిగుల్చుకుంటుంది. మట్టి ఇల్లున్న కుటుంబం ప్రతి వానాకాలం తర్వాత మళ్లీ గోడ మెత్తాలి, కప్పు కప్పాలి.

లెక్క వేసి చూద్దాం

ఒక చిన్న ఇల్లు తీసుకుందాం. పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు, గోడ ఎత్తు 7 అడుగులు, మందం అడుగున్నర. దర్వాజ, కిటికీ జాగా తీసేస్తే నాలుగు గోడలూ కలిపి సుమారు 575 ఘనపుటడుగులు వస్తాయి. రాయి, మట్టి కలిసిన గోడ ఘనపుటడుగు 60 కిలోల దాకా తూగుతుంది. మొత్తం 34, 35 టన్నులు. పునాది ఇందులో కలపలేదు.

ఇంత బరువు గుట్ట నుంచి, మట్టి గుంట నుంచి ఇంటి జాగాకు రావాలి. అరటన్ను మోసే ఎడ్లబండి ఉంటే 70 తిరుగుళ్లు. బండి లేకపోతే తల మీద 25 కిలోల తట్ట చొప్పున దాదాపు 1,400 సార్లు. అదీ రాయి పగలగొట్టి ఉంటే. పగలగొట్టడం, పేర్చడం, అడుసు తొక్కడం, కర్ర కోయడం వేరే లెక్క.

ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ అసలు విషయం ఇందులో తెలుస్తుంది. రాయి ఊరికే దొరికినా రాతి ఇల్లు ఊరికే రాదు. దానికి ఒక జత ఎడ్లు, ఒక బండి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటిల్లిపాదికీ కొన్ని నెలల సొంత రోజులు కావాలి. నిజాం కాలపు తెలంగాణలో దళిత కుటుంబానికి లేనివి సరిగ్గా ఇవే.

ఆ రోజులు ఎవరివి?

వెట్టిచాకిరీ గురించి మనం చాలా చదివాం. దాన్ని ఇల్లు కట్టే పని వైపు నుంచి ఒకసారి చూడాలి. మాదిగలు దొరకు చెప్పులు, మోట బొక్కెనలు, తోలు సామాను ఉత్తగనే చేసియ్యాలి. మాలలు కబుర్లు మోయాలి, చెరువు నీళ్లు చూడాలి, అధికారులు వస్తే మూటలు మోయాలి. అప్పు కింద జీతగాడిగా ఉన్నవాడి రోజులు ఏళ్ల తరబడి అప్పిచ్చినవాడివే. ఈ పద్ధతినే హైదరాబాద్ రాజ్యంలో భగేలా అన్నారు. దాన్ని నియంత్రించడానికి 1936లో చట్టం తెచ్చినా పల్లెల్లో దొర మాటే చట్టంగా నడిచింది.

ఆ దొరల బలం ఎంతటిదో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన పుస్తకంలో నమోదు చేశారు. తిరుమలగిరికి ఉత్తరాన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు. సూర్యాపేట వైపు ఎర్రపహాడ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలు. ఈ భూముల నడుమ లేచినవే గడీలు. ఎత్తైన రాతి ప్రహరీ, బురుజు, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల కచేరీ, ధాన్యపు కొట్లు.

ఒక చిన్న ఇంటికే 35 టన్నులైతే గడీకి ఎంతో ఊహించుకోవచ్చు. రాయి కొట్టింది వడ్డెరలు, దర్వాజలు చేసింది వడ్లోళ్లు, మేకులు కొట్టింది కమ్మరోళ్లు, పెంకు కాల్చింది కుమ్మరోళ్లు. పునాది తవ్వడం, రాళ్లెత్తడం, అడుసు తొక్కడం, నీళ్లు మోయడం లాంటి పేరు లేని పనులు ఎక్కువగా పడింది దళిత ఆడవాళ్ల, మగవాళ్ల మీద. గుట్ట మీది రాయి వాళ్ల తలల మీద నుంచే ఊళ్లోకి వచ్చింది. వాళ్ల వాడకు మాత్రం రాలేదు. గడీ గోడలో నిలబడి ఉన్నది వాళ్ల సొంత ఇంటికి పెట్టుకోవాల్సిన రోజులు.

1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలైన తర్వాత ఎగసిన పోరాటం భూమి కోసం, వెట్టి రద్దు కోసం. వెట్టి పోవడమంటే మనిషికి తన రోజులు తనకు తిరిగి రావడం. ఇంటి చరిత్రకు కూడా అదే మలుపు.

ఎత్తు, పెంకు, అరుగు

రోజులొక్కటే దొరికితే సరిపోయేది కాదు. అనుమతి కూడా కావాలి. డాక్టర్ అంబేడ్కర్ అంటరానివారిపై ఊరు మోపిన నియమాలను ఒకచోట వరసగా రాశారు. ఆ రచన ఆయన పోయాక, 1989లో, రచనల ఐదో సంపుటిలో అచ్చయింది. వాడ ఊరికి దూరంగా ఉండాలి, దక్షిణ దిక్కున ఉండాలి, పెంకుటిల్లు కట్టుకోకూడదు అన్నవి ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కరు నియమం తప్పినా శిక్ష వాడ మొత్తానికి పడేదని కూడా ఆయన చెప్పారు.

ఈ నియమాలను ఇంటి భాగాలతో కలిపి చూడండి. వాడకు మిగిలేది తరచుగా ఊరి దిగువ జాగా, వాన నీళ్లు వచ్చి చేరే చోటు. అట్లాంటి నేల మీద ఇల్లు నిలవాలంటే పీఠం ఎత్తు పెంచాలి. కానీ ఎత్తు పెంచితే ఊరి కళ్లు పడతాయి. మట్టిగోడకు వాన నుంచి కాపు పెంకు. ఆ పెంకు మీదే నిషేధం. అరుగు కూర్చోవడానికి కట్టేది. దొర బండి వస్తుంటే అరుగు మీద కూర్చునే హక్కు దళితుడికి లేదు, చెప్పులు విడిచి లేచి నిలబడాలి. తలెత్తి నిలబడే ఇల్లు తలెత్తి నిలబడే మనిషిని తయారు చేస్తుందని ఆ నియమాలు పెట్టినవాళ్లకు తెలుసు.

ఆ తర్వాత వాడ ఇళ్లను చూసి "వాళ్లకు శుభ్రం తెలియదు, ఇల్లు కట్టుకోవడం రాదు" అని అన్నదీ వాళ్లే. ఊళ్లోని ప్రతి గోడలో చెయ్యి పెట్టినవాళ్లకు ఇల్లు కట్టడం రాదట!

ఒకే గోడలో నాలుగు కాలాలు

ఈ ప్రాంతపు దళితవాడల్లో ఇంకా మిగిలి ఉన్న పాత ఇంటిని నిదానంగా చూస్తే చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. అడుగున పెద్ద రాళ్ల పునాది. దాని మీద నడుమెత్తు రాతిగోడ. ఆపైన మట్టి. పైన కొన్ని వరసల ఇటుక, సిమెంటు అతుకు. కమ్మలు పోయి గూన పెంకు, అది పోయి బెంగుళూరు పెంకు, అదీ పోయి సిమెంటు రేకులు. ఒక తరం పునాది వేసింది, ఇంకో తరం గోడ లేపింది, మరో తరం కప్పు మార్చింది. కలిగినోళ్ల ఇల్లు ఒక్కసారే పూర్తవుతుంది. దళితుల ఇల్లు తరాల మీద పూర్తవుతుంది. రాయి ఎక్కడ ఆగిందో చూస్తే ఆ తరానికి రోజులు ఎక్కడ అయిపోయాయో తెలుస్తుంది.

ప్రభుత్వ ఇల్లు ఈ పొరల్లో ఆలస్యంగా వచ్చి చేరింది. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైనప్పుడు అది ప్రత్యేకంగా ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైనవారికి ఉద్దేశించింది. 1993-94 నుంచి ఇతర పేదలకూ విస్తరించారు. ఆ ఇళ్లతో వాడకు మొదటిసారి కాంక్రీటు కప్పు వచ్చింది, నిజమే. కానీ చాలాచోట్ల ఎస్సీ కాలనీ అంటూ మళ్లీ ఊరి బయటే జాగా చూపించారు. గోడ మారింది, దిక్కు మారలేదు.

2021లో తిరుమలగిరి మండలం పేరు రాష్ట్రమంతా వినిపించింది. దళితబంధు పూర్తిస్థాయిలో అమలు చేయడానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఇదొకటి. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. ఆ సాయం ఉపాధి కోసం, బండి, దుకాణం, యంత్రం లాంటి వాటి కోసం ఉద్దేశించింది. ఇల్లు అందులో లేదు. పాత రాతి పునాది మీది రేకుల ఇల్లు అట్లాగే ఉండగా వాకిట్లోకి వాహనం రావచ్చు.

వారసత్వం అంటే గడీయేనా?

తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది. ఫణిగిరి, పిల్లలమర్రి లాంటివి కాపాడుకోవాల్సినవే. ఈ మధ్య గడీల మీద కూడా మోజు పెరిగింది. ఫొటోలు, వీడియోలు, సినిమా షూటింగులు. చెక్కిన స్తంభాల గురించి, మందపాటి గోడల గురించి చెప్తారు. ఆ గోడలు ఎవరి వెట్టితో లేచాయో చెప్పేది తక్కువ. వాడలోని చిన్న ఇల్లు వారసత్వమని అసలు ఎవరికీ తోచదు.

అమెరికాలో ఇదే ప్రశ్న లేచింది. అక్కడ తోటల యజమానుల మహళ్లను మ్యూజియంలుగా నిలబెట్టి, బానిసలు బతికిన గుడిసెలను కూలిపోనిచ్చారు. దక్షిణ కరోలినాకు చెందిన జోసెఫ్ మెక్‌గిల్ 2010లో ఆ గుడిసెల్లో ఒక్కో రాత్రి పడుకుంటూ జనం దృష్టి వాటి మీదికి మళ్లించే పని మొదలుపెట్టారు. 2016లో వాషింగ్టన్‌లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియంలో ఎడిస్టో దీవి నుంచి విప్పి తెచ్చిన ఒక బానిస గుడిసెను మళ్లీ నిలబెట్టారు. మామూలు చెక్క గుడిసె అది. దాన్ని అక్కడ పెట్టింది అందులో బతికినవాళ్ల కోసం.

మన దగ్గర వాడ ఇళ్లను మ్యూజియంలా ఉంచి, జనం రేకుల కింద ఉడకాలని నేను అనడం లేదు. మంచి ఇల్లు కావాలి, అది హక్కు. కూల్చక ముందు ఆ ఇంటి చరిత్ర రాసుకోవాలన్నదే నా మాట.

కూల్చే ముందు

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల కాలం. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకం కింద సొంత జాగా ఉన్నవారికి, 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టుకుంటే, 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. తొలి విడత లక్ష చేతికొచ్చేది బేస్‌మెంట్ పూర్తయ్యాక. అంటే పునాది డబ్బు, పునాది రోజులు ముందు లబ్ధిదారే పెట్టుకోవాలి. రోజు కూలి మీద బతికే కుటుంబానికి ఇది పాత సమస్యే. పని మానుకుని పునాది తవ్వితే ఆ వారం పొయ్యి వెలగదు. వెలగాలంటే వడ్డీకి తేవాలి. బేస్‌మెంట్‌కు ముందే కొంత సాయం, పునాది పనికి ఉపాధి హామీ కూలి రోజులు అందేలా చూడటం దళిత కుటుంబాల విషయంలో దయ కాదు. తరాల కింద తీసుకున్న రోజుల్లో కొన్నింటిని తిరిగివ్వడం.

రెండో సమస్య కాగితం. వాడ ఇళ్లు చాలావరకు గ్రామకంఠం జాగాలో ఉంటాయి, పట్టా ఉండదు. పాత ఇల్లు కూల్చాక ఖాళీ జాగా మీద తగాదా లేస్తే చూపడానికి ఏమీ మిగలదు. కాబట్టి కూల్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, పక్క ఇళ్లు కూడా కనపడేలా. పొడవు, వెడల్పు, హద్దులు కొలిచి రాసుకోండి. ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు భద్రం చేసుకోండి. పన్ను రశీదు ఒక్కటే యాజమాన్యాన్ని తేల్చదు, కానీ ఎన్నేళ్లుగా ఆ జాగా మీ స్వాధీనంలో ఉందో చూపే ఆధారాల్లో అదొకటి. దళితులను వాళ్ల జాగా నుంచి, ఇంటి నుంచి అక్రమంగా వెళ్లగొట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని కూడా గుర్తుపెట్టుకోండి.

మూడోది, ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. ఈ పునాది ఎవరు తవ్వారు? రాయి ఏ గుట్టది? ఎవరి బండి మీద వచ్చింది, లేక తల మీదనా? పెంకు ఎప్పుడు వేశారు, వేసినప్పుడు ఊళ్లో ఎవరైనా ఏమన్నారా? ఆ రోజుల్లో దొర ఇంటికి ఎన్ని రోజులు పోయేవాళ్లు? ఫోన్లో రికార్డు చేసినా చాలు. మన పిల్లలు చదివే ఊరి చరిత్రలో గడీ ఎత్తు ఉంటుంది, గుడి శాసనం ఉంటుంది. ఈ జవాబులు మనం రాసిపెట్టకపోతే ఉండవు.

పునాది రాళ్లు పారేయకండి. గ్రానైటుకు వయసు రాదు. కొత్త ఇంటి బేస్‌మెంట్‌లో అవి పనికొస్తాయి, ఖర్చూ తగ్గుతుంది. ఆ రాళ్లను గుట్ట నుంచి మోసుకొచ్చిన అవ్వ, తాతల పనిలో కొంతైనా కొత్త ఇంటి కింద నిలబడుతుంది.